కొసరు చేపలు

హిలారియా కొసరు లేకుండా ఉప్పు పొట్లం కూడా కొనదు. ఉల్లిపాయలు తూచాక ఇంకో రెండు పడాలి, దారం కొలిచాక ఇంకో మూర సాగాలి, పాలు పోశాక గిన్నెలో ఇంకో గుక్క ఒలకాలి. ఆ మాటకొస్తే పాల్మార్ ఊళ్ళో అందరూ అంతే. కొండల మీంచి ఈ పల్లపు నేలకు దిగివచ్చి, అడవి కొట్టి వరి వేసుకున్న జనం వాళ్ళు. వెంట తెచ్చుకున్న సామాను తక్కువ, అలవాట్లు ఎక్కువ. కొసరును వాళ్ళు యాపా అంటారు. అడగకపోతే కొన్నట్టు కాదు, వేయకపోతే అమ్మినట్టు కాదు. కాకపోతే తక్కినవాళ్ళు కొసరు అడుగుతారు, హిలారియా వసూలు చేస్తుంది. ఆమె రెండు జడలూ, ఆకుపచ్చ కుచ్చుల పావడా సంత మొదట్లో కనబడగానే టమాటాల ముసలమ్మ మంచి పళ్ళు నాలుగు ఒడిలో దాచేస్తుంది. దాచినా లాభం లేదు. ఎక్కడ దాచిందో హిలారియాకు తెలుసు.

అలాంటి మనిషి డిసెంబరులో మేరీ మాత పండగ ప్రార్థన ముగియగానే చర్చిలో లేచి నిలబడి, వచ్చే ఏటి పండగ తాను ఎత్తుకుంటానంది. పండగ ఎత్తుకోవడమంటే ఊరందరికీ మేళం, మొక్కజొన్న కల్లు, భోజనం ఆ దంపతులే పెట్టాలి. మొగుడు ఫాబియాన్ అప్పటికి చర్చి బయట చెట్టు కింద ఆ కల్లే తాగుతున్నాడు. తాను పండగ పెద్దనయ్యానన్న సంగతి ఊళ్ళో అందరికంటే ఆఖరున అతనికి తెలిసింది. విని, గ్లాసులోంచి ముందు నాలుగు చుక్కలు భూమాతకు పోసి, తక్కినది ఒక్క గుక్కలో తాగేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. అప్పుడే ముగిసిన పండగను ఎత్తుకున్నది ఫాబియాన్ అక్క సెవెరీనా. ఆవిడ వేయించి పెట్టిన పంది మాంసం రుచి ఊరి నాలుక మీద ఇంకా ఆరలేదు. ఆరితే ఆవిడే గుర్తు చేస్తుంది. ఆడబిడ్డ ముందు తీసిపోవడం హిలారియా వల్ల కాలేదు. తన పండగలో ప్రతి పళ్ళెంలోనూ చేప పెడతానంది. ముక్క కాదు, నిండు చేప. తల ఇటూ తోక అటూ పళ్ళెం దాటి బయటికి రావాలి. పిల్లలకూ పెద్దలకూ, చుట్టాలకూ దారిన పోయేవాళ్ళకూ ఒకటే లెక్క. మాత ముందు ఇచ్చిన మాట అది. వెనక బెంచీలోంచి సెవెరీనా చిన్నగా దగ్గింది. ఆ దగ్గుకు అర్థమేమిటో చర్చిలో ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

ఇంటి వెనక వరి పండని బురద నేల ఒకటి ఉంది. యంత్రం పిలిపించి అక్కడ చెరువు తవ్వించారు. నీళ్ళు నిండాక హిలారియా చేపపిల్లలు అమ్మే దోన్ అర్నుల్ఫో దగ్గరికి వెళ్ళింది. అర్నుల్ఫో పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ తడి చేతులతో ఉండే మనిషి. చెరువు పొడవు వెడల్పులు అడిగి, మనసులో లెక్క వేసుకుని, తంబాకీ పిల్లలు రెండు వందలు చాలన్నాడు.

"చాలవండీ. ఐదు వందల మంది పైనే వస్తారు పండక్కి" అంది హిలారియా.

"అయితే ఇంకో రెండు చెరువులు తవ్వించండి దోన్యా. తంబాకీ అంటే ఒళ్ళు చేసే చేప. మీరు పావడా గుండ్రంగా పరుచుకుని కింద కూర్చుంటే ఎంత చోటు పడుతుందో, ఒక్కోదానికీ అంత నీళ్ళు కావాలి. మీ చెరువులో రెండు వందల పావడాలే పడతాయి."

ఆ లెక్క హిలారియాకు బాగానే అర్థమైంది. అర్థమైన మరుక్షణం కొసరు గుర్తొచ్చింది. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రెండు వందల పిల్లలూ పడ్డాక ఆమె కదలలేదు. అర్నుల్ఫో నవ్వి ఒక జల్లెడ పిల్లల్ని కొసరు వేశాడు. ఇదేం కొసరు, నా మనవరాలి గుప్పెడే ఇంతకంటే పెద్దదంది. ఇంకో జల్లెడ పడింది. ఇంత దూరం ఎండన పడి వచ్చినందుకో? ఇంకోటి. మేరీ మాత పేరు చెప్పి ఒకటి. ఎలాగూ పిల్లలు అమ్మే కాలం అయిపోవచ్చింది, తొట్టి కడుక్కోవాలి, ఈవిడ కదిలేలా లేదు అనుకున్నాడేమో, చివరికి అడుగున మిగిలినవన్నీ పెద్ద డబ్బాలోకి వంపి దణ్ణం పెట్టేశాడు. అసలు కంటే కొసరు ముద్దంటారు. హిలారియా డబ్బాల్లో అసలు కంటే కొసరు రెండింతలుంది. దారి పొడుగునా ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఐదు వందల మందికీ సరిపడా చేపలు, ఇంకో చెరువు తవ్వకుండా, ఊరికే.

పిల్లల్ని వదిలిన రోజు చెరువు నాలుగు మూలలా కల్లు చల్లారు, గట్టు మీద కాగితం పువ్వులు కట్టారు. అన్నీ వదలొద్దేమో, ఆయన ఏదో పావడా లెక్క చెప్పాడన్నావు గదా అని ఫాబియాన్ నసిగాడు. కొసరుగా వచ్చినదాన్ని పారబోస్తే ఇంటికి అరిష్టమని హిలారియా నోరు మూయించింది. నిజానికి పాల్మార్‌లో ఎవర్నడిగినా ఆ మాటే అని ఉండేవారు.

నాలుగు నెలలు గడిచేసరికి చెరువులో ఒక వింత మొదలైంది. తెల్లారేసరికి నీళ్ళ మీద వందల నోళ్ళు. గుండ్రంగా తెరుచుకుంటూ, మూసుకుంటూ, మళ్ళీ తెరుచుకుంటూ. తవుడు బుట్టతో గట్టెక్కిన హిలారియా మురిసిపోయింది. చేపలు తనకు దణ్ణం పెడుతున్నాయని సంతలో చెప్పింది, చర్చిలో చెప్పింది, బస్సు డ్రైవరుకు చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో నేనొక్కసారీ పెట్టలేదు, అవే నయం అన్నాడు ఫాబియాన్. అంత భక్తి గల చేపలకు మేత సరిపోదని ఆమె తవుడు రెట్టింపు చేసింది. జామపళ్ళు వేసింది, ఉడికించిన కర్రపెండలం వేసింది. నీళ్ళు ఆకుపచ్చగా, ఆ తరవాత నల్లపచ్చగా తిరిగి ఒక రకం వాసన మొదలైంది. చేపలు మాత్రం పెరిగినట్టు కనబడలేదు. అక్కడ చలికాలం జూన్‌లో. దక్షిణపు చలిగాలి విసరడం మొదలయ్యాక ఆ తప్పంతా గాలి మీదికి పోయింది. చలికి మనుషులమే ముడుచుకుపోతున్నాం, చేపలెంత అని ఆమె తనకు తానే చెప్పుకుంది.

చలి వెనకబట్టిన రోజుల్లో ఒక ఉదయం పక్క పొలం నికొలాసా జల్లెడ కోసం వచ్చింది. నికొలాసాకు చేపల పెంపకం పాతది. ఈస్టరుకు చేపలన్నీ పట్టి అమ్ముకుంది, ఇప్పుడు ఆమె చెరువు ఖాళీ. ఆమె గట్టు మీద నిలబడి ఆ నోళ్ళను చూసింది, హిలారియా మొహం చూసింది.

"ఇవి దణ్ణాలు కావే తల్లీ. ఊపిరాడక కొట్టుకుంటున్నాయి. సంత లారీలో ఇరుక్కున్నోళ్ళు తలలు బయటికి పెట్టరూ, అలాగ. ఎన్నేశావు?"

హిలారియా మాట మార్చింది. వల వేద్దాం పట్టమంది.

వల లాగడానికి ఫాబియాన్‌తో కలిపి ముగ్గురూ చాల్లేదు, దారిన పోయేవాళ్ళను ఇంకో ఇద్దర్ని పిలవాల్సి వచ్చింది. అంత బరువు చూసి హిలారియా గుండె పొంగింది. వల గట్టు చేరాక పొంగినదంతా చల్లారిపోయింది. లోపల అన్నీ అరచేతి చేపలు. తలలు పెద్దవి, ఒళ్ళు పల్చన, ఒకదాని రెక్కలు ఒకటి కొరుక్కుని అంచులు చిరుగులు. మందిని తోసుకుని మేత తిన్న నాలుగైదు మాత్రం మొద్దుల్లా ఉన్నాయి. హిలారియా తడి గట్టు మీద అలాగే కూలబడింది. డిసెంబరు ఎంతో దూరం లేదు. మాత ముందు ఇచ్చిన మాట అరచేతి వెడల్పున వలలో ఎగిరెగిరి పడుతోంది.

ఈ కబురు సెవెరీనాకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యాహ్నానికి ఊరంతా ఆవిడ మాటే. మరదలు పెద్ద పళ్ళేలు కొనడం మానేసి కాఫీ సాసర్లు కొనుక్కుంటే సరిపోతుందట, తలా తోకా చక్కగా బయటికి వస్తాయట. పాల్మార్ జనానికి నవ్వడానికి అవకాశం దొరికితే తిండి కూడా అక్కర్లేదు. సంతలో టమాటాల ముసలమ్మ హిలారియాకు అడక్కుండానే ఒక పండు ఎక్కువ వేసి, సాసర్లో పెట్టుకో తల్లీ అంది. జీవితంలో ఒకే ఒక్క కొసరును హిలారియా అక్కడే వదిలేసి వచ్చింది.

మర్నాడే వెళ్ళి అర్నుల్ఫోతో దెబ్బలాడింది. మరుగుజ్జు జాతి పిల్లల్ని అంటగట్టావంది. ఆయన మోటారు సైకిలెక్కి ఆమె వెంట వచ్చాడు, ఒక చేపను పట్టి కళ్ళూ మొప్పలూ చూశాడు, మళ్ళీ నీళ్ళలో వదిలాడు.

"జాతి బంగారం. మీరేసిన కొసరే వీటిని తినేసింది. కాదు, నేనేసిన కొసరు. నాదీ తప్పే, మీ నోటికి భయపడ్డాను" అన్నాడు. "మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనే గదండీ. మూడో వంతు ఇక్కడ ఉంచి తక్కినవి తీసేయండి. కొత్త నీళ్ళు పెట్టండి. కడుపు మాడ్చుకుని ఉన్నాయేమో, చోటు దొరికితే విరగబడి పెరుగుతాయి. పండక్కి అందుకుంటాయి."

తీసేయమనడం తేలిక. తీసేస్తే మిగిలేవి రెండు వందలు, వచ్చేవాళ్ళు ఐదు వందల పైన. తీయకపోతే అందరికీ ఉంటాయి, సాసర్లలో. పెద్ద చేపలు కావాలంటే కొందరికే, అందరికీ కావాలంటే చిన్న చేపలే. హిలారియా ఆ రోజు అన్నం కెలుకుతూ కూర్చుంది. ఫాబియాన్ కర్రపెండలం ముక్క నములుతూ, చేపలు ఎక్కువ కాలేదు, చెరువులు తక్కువయ్యాయి, అంతేగా అన్నాడు. తాగినప్పుడే కాదు, తాగనప్పుడు కూడా అతని నోట అప్పుడప్పుడూ పనికొచ్చే మాట వస్తుంది.

కొండల్లో గొర్రెల్ని పాలుకిచ్చే అలవాటు ఉంది. గొర్రె ఒకరిది, మేపేది ఇంకొకరు, పిల్లలు చెరిసగం. చేపల్ని పాలుకివ్వడం మాత్రం ఎవరూ వినలేదు. పైగా ఇచ్చేది హిలారియా. పండగ రోజు సగం తనకిచ్చి తక్కిన సగం ఉంచుకోవచ్చని ఆమె నికొలాసాకు చెబితే, నికొలాసా నమ్మలేదు. చేపలకు జబ్బేమీ లేదు గదా అంది. ఒళ్ళు బాగానే ఉందా అని హిలారియానే అడిగింది. అంతా నిజమేనని తేలాక డబ్బాలు మోయించుకుని, తన చెరువుకు పట్టే నూట యాభై చేపలూ పడ్డాక కూడా గట్టు దిగకుండా నిలబడింది.

"మరి యాపా?" అంది.

"ఊరికే ఇచ్చేదానికి కూడానా?"

"నీ దగ్గర నేర్చుకున్నదేనే."

ఇద్దరూ గట్టు మీద కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. కొసరు మాత్రం పడలేదు. చెరువు లెక్క ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

తక్కినవన్నీ పట్టే చెరువు పాల్మార్‌లో ఒక్కటే ఉంది. పెద్దది, మంచి ఊట గలది, బాతులు తప్ప ఏమీ లేనిది. అది సెవెరీనాది.

హిలారియా వెళ్ళలేదు. నికొలాసాకు పోగా మిగిలిన చేపలు ఇంకా ఇరుకుగానే ఉన్నాయి, తెల్లారితే ఇంకా నోళ్ళు తెరుస్తూనే ఉన్నాయి. ఫాబియాన్ రోజూ ఒకసారి అక్క పేరెత్తేవాడు, ఆమె రోజూ గిన్నెలు గట్టిగా తోమేది. ఒకనాటి ఉదయం పది చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేస్తుంటే హిలారియాకు ఏడుపొచ్చింది. తన పరువు కోసం ఇవి చావడమేమిటనిపించింది. కాళ్ళకు బురద కడుక్కోకుండానే ఆడబిడ్డ ఇంటికి నడిచింది.

సెవెరీనా వసారాలో కర్రపెండలం చెక్కుతోంది. భారీ మనిషి, కత్తి ఆమె చేతిలో పుల్లలా ఉంది. మరదల్ని కూర్చోమనలేదు.

"సాసర్లు కొన్నావా?"

"వదినా, నీ చెరువు కావాలి."

చెక్కుతున్న కత్తి ఆగింది. హిలారియా అంతా ఒకే ఊపిరిలో చెప్పేసింది. కొసరు సంగతి, పావడా లెక్క, చచ్చిన పది చేపల సంగతి, పాలు సంగతి. సెవెరీనా విని, చెక్కిన పెండలాన్ని నీళ్ళలో వేసి, ఇంకోటి అందుకుంది.

"నాకు సగం పాలొద్దు."

"మరి?"

"చేపలన్నీ నువ్వే తీసుకో. పండగనాడు గరిటె నా చేతిలో ఉండాలి. పొయ్యి నాది, వడ్డన నాది. ఎవరికి ఎప్పుడు పెట్టాలో నేను చెబుతాను, నువ్వు వినాలి."

తన పండగలో, తన పెరట్లో, ఊరందరి ముందూ ఈవిడ అరుస్తుంటే తాను పళ్ళేలు మోయాలి. ఆ పది తెల్లటి పొట్టలూ కళ్ళ ముందు కదిలాయి.

"సరే. ఉప్పు మాత్రం నేను చూస్తాను" అంది.

"ఉప్పు ఇద్దరం చూద్దాం" అంది సెవెరీనా, ఒక చెక్కని పెండలాన్నీ ఇంకో కత్తినీ ఆమె వైపు తోసి.

ఆ తరవాత ఎండలు ముదిరాయి, ఆ వెంటే వానలు దిగాయి. మూడు చెరువుల్లోనూ చేపలు ఎలా పెరిగాయో చెప్పుకుంటే పాల్మార్ వాళ్ళకు ఇప్పటికీ నోరూరుతుంది. అరచేయి మీది చేప మోచేయి వైపు పాకింది. మేత వేస్తే నీళ్ళు ఉడికినట్టు తెర్లాయి. హిలారియా చెరువులో తెల్లవారుజామున ఒక్క నోరూ పైకి రాలేదు. దణ్ణాలు పెట్టడం మానేశాయే అని ఫాబియాన్ బెంగపడ్డాడు. పెట్టకపోతేనే నాకు బాగుందంది హిలారియా, ఆ మాట అంటూ నిజంగానే ఆమె మొహం వెలిగిపోయింది. పావడా పరుచుకుని గట్టు మీద కూర్చుని, ఇంత చోటులో ఒకటి, ఇంత చోటులో ఒకటి అనుకుంటూ ఖాళీ నీళ్ళను చూసేది. ఖాళీని చూసి సంతోషించడం ఆమెకు కొత్త విద్య.

అన్నిటికంటే విడ్డూరం సెవెరీనా. మొదటి వారం ఆవిడ చేపలకు తవుడు విసిరేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. తరవాత పెరట్లో రాలిన తాటి జాతి పళ్ళు వేసి చూసింది. తంబాకీలకు మనుషుల్లాంటి పళ్ళుంటాయి. గట్టి కాయల్ని నోట కరుచుకుని టప్పున పగలగొడతాయి. ఆ చప్పుడు ఆవిడకు నచ్చింది. ఇంకొన్నాళ్ళకు మధ్యాహ్నం అన్నం గిన్నె గట్టు మీదికే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. తోక చిరిగిన ఒక మొద్దు చేప అందరికంటే ముందొచ్చి, తక్కినవాటిని తోసేసి, ఆవిడ చేతిలోంచే జామపండు లాక్కునేది. పని చేయకుండా ముందుకొచ్చి తినేది కాబట్టి దానికి మేయరని పేరు పెట్టింది. పేరు పెట్టిన సంగతి తమ్ముడు ఒకసారి చాటుగా విన్నాడు. ఇంటికొచ్చి హిలారియా చెవిలో వేశాడు. హిలారియా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఆమె నోట ఆగిన మాటలు చాలా తక్కువ, అందులో ఇదొకటి.

పండగ ఉదయం తెల్లారకముందే వలలు దిగాయి. నికొలాసా చెరువులో మంచివి పడ్డాయి, హిలారియా చెరువులో ఇంకా మంచివి, సెవెరీనా చెరువులో చూసినవాళ్ళు నోరు మూయడం మరిచిపోయేవి పడ్డాయి. పెద్ద చెరువు, తగినన్ని చేపలు, చేతి నిండా మేత. ఆ వలలోనే మేయరు కూడా పడింది. వల గట్టుకు చేరేలోగా సెవెరీనా కొత్త పండగ పావడాతోనే నడుము లోతు నీళ్ళలోకి దిగిపోయింది. చిరిగిన తోక వెతికి పట్టుకుని, రెండు చేతులా ఎత్తి, వల అవతల వదిలేసింది. గట్టు మీద జనం చూస్తూండగా, తడిసిన పావడా పిండుకుంటూ, అది సరిగ్గా ఉడకదు, ముదురు చేప అంది. ఎవరూ నవ్వలేదు. కనీసం ఆవిడ అటు తిరిగేదాకా నవ్వలేదు.

చేపల్ని గాట్లు పెట్టి, ఉప్పూ నిమ్మరసం పట్టించి, నిప్పుల మీద ఇనప చువ్వల జల్లెళ్ళపై వరసలుగా పరిచారు. పక్కన కాగుల్లో అన్నం, గంపల్లో ఉడికిన కర్రపెండలం, రాతి మీద నూరిన టమాటా మిరప పచ్చడి. సెవెరీనా గరిటె పట్టుకుని నిలబడి, తిప్పు, తీయి, అటు కాదు ఇటు, నీకు కళ్ళున్నాయా అని ఊరందర్నీ పేరు పేరునా తిట్టింది. అన్నిటికంటే ఎక్కువ తిట్లు పండగ పెద్దకే పడ్డాయి. హిలారియా తలవంచుకుని పళ్ళేలు మోసింది. మొదట కాస్త మండింది. ఇరవై పళ్ళేలయ్యాక మండటం మరిచిపోయింది. అటు తల, ఇటు తోక, పళ్ళెం అంచు దాటి బయటికొచ్చి, ఆమె నడుస్తుంటే ఊగుతున్నాయి.

జనం అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. చేపల కబురు విని పొరుగూరి వాళ్ళు రెండు లారీల్లో దిగారు. పెట్టమంది హిలారియా, దారిన పోయేవాళ్ళకూ ఒకటే లెక్క అన్నాను గదా. బెంచీలు చాలక పిల్లలు తల్లుల ఒళ్ళోకి, ముసలివాళ్ళు తిరగేసిన డబ్బాల మీదికి చేరారు. కాసేపటికి పెరడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ముళ్ళున్న చేప తింటూ ఎవరూ మాట్లాడరు. మేళం వాళ్ళు బాకాలు బెంచీల కింద పెట్టేసి రెండు చేతులా తింటున్నారు. టమాటాల ముసలమ్మ తోకతో సహా నమిలేసి, ముళ్ళను వరసగా పళ్ళెం అంచున పేర్చుకుంది. హిలారియా వరసల మధ్య తిరుగుతూ ఒక్కో పళ్ళేన్నీ చూసింది. అన్నిట్లోనూ ఉంది, నిండు చేప. ఆమెకు గట్టిగా అరవాలనిపించింది, కానీ ఎవరి గొంతులోనైనా ముల్లు దిగుతుందేమోనని ఊరుకుంది.

పండగ ఎత్తుకున్నవాళ్ళూ వండినవాళ్ళూ ఆఖరున తినాలి. లారీల వాళ్ళు కూడా చేతులు కడుక్కున్నాక తినవలసినవాళ్ళు ముగ్గురు మిగిలారు, ఫాబియాన్, సెవెరీనా, హిలారియా. చువ్వల మీద మిగిలిన చేపలు రెండు.

సెవెరీనా రెండుసార్లు చూసుకుంది. గరిటె పక్కన పెట్టి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతులు తుడుచుకుని, పెరటి తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికి వదినా?"

"చెరువుకి" అంది సెవెరీనా మొహం అటు తిప్పుకుని. "వల అక్కర్లేదు. పిలిస్తే గట్టు దగ్గరికే వస్తాడు."

హిలారియా గబగబా వెళ్ళి ఆవిడ చేయి పట్టుకుంది.

"వద్దు. రా, కూర్చో."

"చర్చిలో అందరి ముందూ మాటిచ్చావు. ప్రతి పళ్ళెంలోనూ అన్నావు. నీ పళ్ళెం పళ్ళెం కాదా? రేపు ఈ ఊరే అంటుంది, హిలారియా పండగలో ఒకటి తక్కువైందని."

"అననీ. ఎక్కువైతే ఏమవుతుందో ఈ ఏడంతా చూశాం గదా. ఒక్కటి తక్కువైతే ఎవరూ చావరు. నీ మేయరు అసలే చావకూడదు."

సెవెరీనా ఏదో అనబోయి, పొగ కళ్ళలోకి కొడుతోందని విసుక్కుంటూ కళ్ళు తుడుచుకుంది. అప్పటికి పొయ్యిలో నిప్పు ఆరి చాలాసేపయింది.

కాగితం పువ్వులు చుట్టిన పండగ పెద్దల బెంచీ ఇద్దరికే చేసినది. దాని మీద ముగ్గురు కూర్చున్నారు, అందులో ఒకరు సెవెరీనా. బెంచీ కిర్రుమంది. ఇదే చెరువైతే అర్నుల్ఫో ఒప్పుకోడు అన్నాడు ఫాబియాన్, సగం బెంచీ మీదా సగం గాల్లోనూ ఉండి. రెండు చేపలు మూడు పళ్ళేల్లో పడ్డాయి. సెవెరీనా తన చేప పొట్ట భాగం విరిచి మరదలి అన్నం మీద పెట్టింది, ఉప్పు కాస్త తక్కువైంది గదూ అంది. సరిగ్గా ఉంది వదినా అంది హిలారియా. ఆవిడ వంటను ఆమె అలా మెచ్చుకోవడం ఊళ్ళో ఎవరూ వినలేదు, అప్పటికే మేళం మొదలైంది. హిలారియా ముళ్ళు ఏరుకుంటూ, వేళ్ళు నాక్కుంటూ, అటూ ఇటూ ఒరుసుకుంటున్న భుజాల మధ్య ఇరుక్కుని, చల్లారిన ఆ చేపను ఆఖరి తునకదాకా తిన్నది.